తాతగారి లెన్సుకు తగిన కెమెరా

మా ముత్తాత టెక్కలి అవతల ఒక చిన్న జమీందారీకి దివాను. ఆయన మాట లేకుండా ఆ ఊళ్ళలో చెరువు తూము ఎత్తేవారు కారు. ఆయన కొడుకు, అంటే మా తాత, కలకత్తా వచ్చి కిదిర్‌పూర్ డాకుల్లో ఓడల సరుకు దించే కాంట్రాక్టరయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం రైలెక్కిన ప్రతివాడూ ముందుగా వాట్‌గంజ్‌లో మా అరుగు మీదే మూట దించేవాడు. తాత సందులో నడిచి వస్తుంటే కూర్చున్నవాళ్ళు లేచేవారు, బీడీలు వీపు వెనక్కి వెళ్ళేవి. మా నాన్న ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా. ఆయన్ని చూసి ఎవరూ లేవలేదుగాని, ఆయన కూడా ఎవరి ముందూ వంగలేదు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. ఇప్పుడు మా ఇంటికి పెద్దని నేనే.

ఇల్లు మాత్రం మాది కాదు. నాన్న హయాంలోనే ఒక ఇనప సామాన్ల వ్యాపారి కొన్నాడు. అదే ఇంటి మేడ మీద రెండు గదుల్లో నేనూ, మా తమ్ముడి కూతురూ అద్దెకుంటున్నాం. తాత వస్తువుల్లో మాకు మిగిలినవి రెండు. ఒకటి, చేతులకి సింహం తలలున్న బర్మా టేకు కుర్చీ. రెండోది ఒక లెన్సు. అది గుప్పిట్లో ఇమిడే ఇత్తడి ముక్క. ఒక జర్మన్ ఓడ ఇంజినీరు దగ్గర తాత కెమెరాతో సహా కొన్నాడు. ఈ ఊరి తడిగాలికి లెన్సుల్లో బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. తాత తన లెన్సుని గుడ్డలో చుట్టి, వేయించిన బియ్యం పోసిన ఇత్తడి చెంబులో పెట్టేవాడు. వానాకాలం ముందు బియ్యం మార్చేవారు. నేనూ మారుస్తున్నాను. కెమెరా లోపలి షట్టరు గుడ్డ కుళ్ళి పాడైంది. లెన్సు మాత్రం నిన్న కడిగిన అద్దంలా ఉంది.

ఈ లెన్సుతో మా ఇంటికి ఒక హక్కు వచ్చింది. అమ్మవారి పండగ మర్నాటి పొద్దున మన వాళ్ళంతా ఇక్కడి మండువాలో చేరతారు. కార్పొరేషన్‌లో పనిచేసేవాళ్ళు, గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టేవాళ్ళు, బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లుల వాళ్ళు, అందరూ. ఇల్లు చేతులు మారినా ఆ ఒక్క పూట మండువా వదలడానికి ఇంటాయన ఒప్పుకున్నాడు. అప్పుడు ఒక ఫొటో తీస్తారు. దాన్ని తీసేది మా ఇంటి పెద్ద. మధ్యలో సింహాల కుర్చీ ఖాళీగా ఉంటుంది. కెమెరా స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, మా ఇంటి పెద్ద నడిచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవాలి. నడిచి వెళ్ళాలి. తాత పరిగెత్తలేదు. నాన్నా పరిగెత్తలేదు. జనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే టైమరు గిర్రుమంటూ ఉండేది, తాత మాత్రం డాకు మీద ఓడ చూడడానికి వెళ్తున్నట్టే వెళ్ళేవాడు.

ఇంకొక నియమం కూడా ఉంది. మేడ మీంచి ఫొటో తియ్యకూడదు. మనుషుల్ని పైనుంచి చూడకూడదని తాత మాట. ఎదురుగా నిలబడే తియ్యాలి. మండువా వెడల్పు అంతంతమాత్రం. వెనక్కి జరుగుదామంటే వీపుకి కుళాయి తగులుతుంది.

కెమెరా పోయాక కొన్నేళ్ళు ఫోన్లతో గడిపాం. గొడవ అక్కడే మొదలైంది. పోయినేడు జనం పట్టడం లేదని ఫోన్‌లో మరీ వెడల్పుగా తీసే కన్ను వాడాం. అందరూ పట్టారు. కాని అలాంటి కన్ను అంచుల్లో ఉన్నవాళ్ళని పక్కలకి సాగదీస్తుంది. ఎడమ చివర నిలబడ్డది బడ్జ్ బడ్జ్ నుంచి వచ్చిన పెద్దావిడ, ఇక్కడి మా తెలుగువాళ్ళ సంఘం సెక్రటరీకి అత్తగారు. ఫొటో చూసి ఆవిడ అన్న మాట ఇప్పటికీ సందులో తిరుగుతోంది.

"ఇదేటమ్మా! నా బుగ్గ సూడండి, పాకంలో నానిన బూరె నాగున్నాది. నాను మనిషినా, మిల్లులో నార బేలునా?"

ఈ ఏడు పండగకి ముందు సెక్రటరీ మా మెట్లెక్కి వచ్చాడు. కార్పొరేషన్ నీళ్ళ విభాగంలో ఉద్యోగం, మర్యాదస్థుడు. ఆయన తాత మా తాత దగ్గర మేస్త్రీ. ఆ మాట నేను ఎప్పుడూ ఎత్తను. నేను ఎత్తనని ఆయనకీ తెలుసు.

"అమ్మగోరూ, కోప్పడకండి" అన్నాడు నిలబడే. "ఈపాలి పెళ్ళిళ్ళకి తీసీవోణ్ణి ఒకణ్ణి మాటాడినాను. డ్రోను తెస్తాడు. పైనుంచి తీసీస్తే అందరూ పడిపోతారు."

"పైనుంచి తియ్యరని మీకు తెలుసు."

"తెలుసమ్మా. కాని మా అత్త ఈ ఏడు రానంటన్నాది. అంచుల్లో ఉన్నోళ్ళు మనుషులు కారేటి?"

ప్రశ్న న్యాయమైనది. చివరికి ఒప్పందం కుదిరింది. ముందు నేను తీస్తాను. ఒక్క తల తెగకుండా, ఒక్క ముఖం సాగకుండా వస్తే హక్కు మా ఇంటిదే. లేకపోతే ఈ ఏడే కాదు, ఇక మీదట ఎప్పుడూ పెళ్ళిళ్ళ కెమెరావాడే.

ఆయన దిగి వెళ్ళాక మా మేనకోడలు లోపలి గదిలోంచి బయటికొచ్చింది. ఆ పిల్లకి ముప్ఫై ఏళ్ళు, సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటరు ఉద్యోగం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం కష్టం. నేను ఇది రాస్తున్నానని తెలిసినా నాకు భయం లేకపోవడానికి కారణం అదే.

"అత్తా, మిర్రర్‌లెస్ కొందాం" అంది. "తాత లెన్సు దానికి తగిలించొచ్చు."

నేను నమ్మలేదు. అది చేతిలోకి ఒక ఉల్లిపాయనీ వెల్లుల్లినీ తీసుకుని చెప్పింది. పెద్ద కెమెరాల లోపల ఒక అద్దం పైకీ కిందికీ ఆడుతుండేది, దాని చోటు కోసం లెన్సు దూరంగా ఉండాల్సి వచ్చేది. ఇప్పటి వాటిలో ఆ అద్దం తీసేశారు. అందుకే ఒళ్ళు చిన్నదయింది, లెన్సుకీ లోపలి సెన్సరుకీ మధ్య దూరం తగ్గింది. ఆ మిగిలిన చోట్లో ఒక ఉంగరంలాంటి అడాప్టరు పెడితే ఏ కాలపు లెన్సయినా కూర్చుంటుంది.

"అంటే పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట" అన్నాను.

"ఎవరు?"

"ఎవరూ కాదు. పద."

ఎస్ప్లనేడ్ దగ్గర మెట్రో గల్లీకి వెళ్ళాం. కెమెరా దుకాణాలన్నీ ఒకదాని భుజం మీద ఒకటి పడి ఉంటాయి. మేము ఎక్కిన దుకాణం యజమాని బెంగాలీ, నా వయసే ఉంటుంది, అయినా నన్ను "మాసిమా", అంటే పిన్నీ, అన్నాడు. నేను చూసిన చూపుకి వెంటనే "దీదీ" అని దిద్దుకున్నాడు. అక్కడినుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

గాజు బల్ల మీద మూడు కెమెరాలు పెట్టాడు. మొదటిది చిన్న సెన్సరుది. అగ్గిపెట్టెల కట్టంత ఉంది. దాని లెన్సులు కొబ్బరి లడ్డూల్లా ఉన్నాయి, మూడు చేతిసంచీలో వేసుకుని బజారుకి పోవచ్చు. రెండోది మధ్యరకం, ఒళ్ళూ బరువూ అన్నీ మధ్యస్థం, నాకు దాని ముఖమే గుర్తులేదు. మూడోది పాత ఫిల్ము గడి ఎంత ఉండేదో అంత సెన్సరున్నది. ఒళ్ళు చిన్నదేగాని దానికోసం చేసిన లెన్సులు మరచెంబుల్లా ఉన్నాయి. ఒకటి తగిలిస్తే కెమెరా ముందుకి తూలింది. మంచి కుటుంబంలోంచి వచ్చి, పెద్ద నగ పెట్టుకుని మెడ నొప్పిపుట్టిన కొత్త కోడల్లా ఉంది.

"దీదీ, కెమెరా కొనడమంటే ఒక్క కెమెరా కొనడం కాదు" అన్నాడు దుకాణదారు. "ఒకసారి ఈ ఇంటి పిల్లని చేసుకున్నారంటే ఇక లెన్సులన్నీ ఈ ఇంటినుంచే రావాలి. పక్కింటివి పట్టవు. బాగా ఆలోచించుకోండి."

సంబంధాల సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను సంచీలోంచి ఇత్తడి చెంబు తీసి బల్ల మీద పెట్టాను. బియ్యంలోంచి లెన్సు తీశాను. ఆయన దాన్ని దీపానికి ఎదురు పెట్టి చూశాడు, తిప్పి చూశాడు.

"అరే బాబా! ఒక్క బూజు పోగు లేదు. ఏ డబ్బాలో ఉంచారు?"

"బియ్యంలో."

"మా కొట్టులో కరెంటుతో నడిచే తడి పీల్చే పెట్టె ఉంది" అని, ఆయన తన వాళ్ళ వైపు తిరిగి, "రేపటినుంచి బియ్యం" అన్నాడు. అందరం నవ్వాం.

ఉంగరం పెట్టి తాత లెన్సుని చిన్న కెమెరాకి తగిలించాడు. నేను గుమ్మంలో నిలబడి గల్లీలోకి చూశాను. ఎదురుగా టీ అమ్మేవాడు, పొయ్యి, కెటిలు కనిపించాయి. అంతే. తీసి మధ్యరకానికి తగిలిస్తే టీ వాడి పక్కనున్న బెంచీ కూడా వచ్చింది. మూడోదానికి తగిలిస్తే టీ వాడు, బెంచీ, బెంచీ మీద నలుగురు, వాళ్ళ కాళ్ళ దగ్గర పడుకున్న కుక్క, అవతలి స్తంభానికి ఆనించిన సైకిలు, అన్నీ వచ్చేశాయి. లెన్సు ఒకటే, నేను నిలబడ్డ చోటు ఒకటే. లెన్సు ఎంత లోకం తెచ్చి ఇచ్చినా, చిన్న సెన్సరు తన ఒడిలో పట్టినంతే తీసుకుని చుట్టూ ఉన్నది వదిలేస్తుంది. లెక్కల టీచరుకి రెండోసారి చెప్పక్కర్లేదు.

పైగా తాత లెన్సుకి ఫోకసు చేత్తో తిప్పాలి. తిప్పుతుంటే స్పష్టంగా ఉన్న అంచులకి కెమెరా ఎర్రగా గీత గీసి చూపించింది. టీ వాడి ముక్కు చుట్టూ కుంకుమ దిద్దినట్టయింది. నేను గుమ్మంలో నిలబడి ఊరంతటికీ బొట్టు పెడుతూ ఎంతసేపు ఉండిపోయానో! మా మేనకోడలు మోచెయ్యి లాగింది.

"అత్తా, మూడోది ధర ఎక్కువ. చిన్నదానికి దాని సొంత వెడల్పు లెన్సు కొంటే చాలు, తేలిక, నీ చేతికి బాగుంటుంది. తాత లెన్సు చెంబులోనే ఉంటుంది."

"చెంబులో ఉండడానికా బియ్యం మార్చింది?"

"అయితే పెద్దది నేను కొనిస్తా."

"మన ఇంట్లో పిల్లల దగ్గర తీసుకోరు."

"ఒలమ్మా, ఏటి మన ఇల్లు! అద్దెకున్న రెండు గదులా?" అంది అది, బెంగాలీలోంచి ఒక్కసారిగా సొంత భాషలోకి దిగి. నాకు కోపం రాలేదు. కోపమొచ్చినప్పుడు దాని తెలుగు మా అమ్మ తెలుగులా ఉంటుంది.

దుకాణదారే దారి చూపించాడు. వాళ్ళు కెమెరాలు రోజు అద్దెకి కూడా ఇస్తారు. పండగ మర్నాటికి చిన్నదాన్ని దాని వెడల్పు లెన్సుతోనూ, పెద్దదాన్ని తాత లెన్సు కోసం ఉంగరంతోనూ తీసుకున్నాం. ఏది గెలిస్తే అది కొంటామన్నాను. చివరగా నేను అడగవలసింది ఒక్కటే మిగిలింది.

"టైమరు ఎంతసేపు ఉంటుంది?"

"పది సెకన్లు. కాని ఎందుకు దీదీ? ఫోన్‌లోంచే నొక్కొచ్చు, కూర్చున్నచోటినుంచే!"

"కూర్చుని నొక్కడం కాదు. నడిచి వెళ్ళాలి" అన్నాను. ఆయన మా మేనకోడలి వైపు చూశాడు. అది తల పక్కకి తిప్పుకుంది.

పండగ మర్నాటి పొద్దున ఎండ మండువాలోకి ఏటవాలుగా దిగింది. పసుపు వాసన, వేపమండల వాసన, నిన్నటి డప్పుల అలసట మీద ఇవాళ్టి పూరీల హుషారు. జనం అంతకుముందు ఏడు కంటే ఎక్కువ వచ్చారు. బడ్జ్ బడ్జ్ పెద్దావిడ కూడా వచ్చింది, కాని "అంచున నిలబడను, ముందే సెప్తన్నాను" అని గుమ్మంలోనే ప్రకటించింది. పెళ్ళిళ్ళ కెమెరావాడు డ్రోను సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని పూరీలు తింటున్నాడు. అతను తన వంతు వస్తుందన్న నమ్మకంతో ఉన్నాడు.

కుర్చీ మధ్యలో వేశారు. వరసలు నిలబడ్డాయి. పెద్ద కెమెరా, తాత లెన్సు. ఫోకసు తిప్పగానే ముఖాలన్నీ ఎర్రగా మెరిశాయి, నా గుండె ఉప్పొంగింది. తరవాత అంచులు చూశాను. కుడివైపు గార్డెన్ రీచ్ కుటుంబమొకటి సగం బయట ఉంది. ఎడమవైపు మరికొందరు పూర్తిగా బయటే.

"కొంచెం జరగండి!"

"ఎక్కడికమ్మా, గోడలోకా?" అన్నారెవరో.

చిన్న కెమెరా పెట్టాం. దాని వెడల్పు లెన్సులో అందరూ పట్టారు. మా మేనకోడలు చప్పట్లు కొట్టింది. నేను ఒకటి తీసి తెర మీద పెద్దది చేసి చూశాను. ఫోన్ అంత కాదుగాని, చివరనున్న వాళ్ళ చెంపలు పక్కలకి జారుతూనే ఉన్నాయి. పెద్దావిడ జనాన్ని తోసుకుని వచ్చి తెర చూసింది.

"మా సెల్లి బుగ్గ! ఈపాలి బూరె నా సెల్లికి ఎల్పోనాది!"

మండువా అంతా ఘొల్లుమంది. కెమెరావాడు పూరీ ప్లేటు పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి లేచాడు. సెక్రటరీ నా వైపు చూడకుండా నిలబడ్డాడు, అది మర్యాద.

నేను పెద్ద కెమెరానే మళ్ళీ స్టాండుకి బిగించాను. ఎంత తక్కువపడుతోందో కొలుద్దామని తెర మీద అడ్డగీతలు, నిలువుగీతలు పెట్టించాను. బోర్డు మీద గళ్ళు గీసినట్టయింది. ఆ గళ్ళలో చూసేసరికి, చిన్నప్పటినుంచి చూస్తున్న ఫొటో మొదటిసారి కనిపించింది.

రెండు చివర్లా జనం సాయంత్రం లోకల్ రైల్లో ఉన్నట్టు ఇరుక్కుని ఉన్నారు. మధ్య గడిలో మాత్రం ఒక కుర్చీ. కుర్చీకి అటు ఖాళీ, ఇటు ఖాళీ. వెనక వరసల్లో కూడా సరిగ్గా కుర్చీ వెనక ఎవరూ లేరు, గోడ కనిపిస్తోంది. అంత జనం మధ్య నది పారుతున్నట్టు దారి.

"కుర్చీ పక్కన ఖాళీ ఎందుకు వదిలారు?" అని అడిగాను.

ముందు వరసలో డాకులో పనిచేసిన ముసలాయన ఒకరు అన్నారు: "ఎందుకేటమ్మా? అది అలగే ఉంటాది. మా నాన్న నాటినుంచీ అంతే."

"ఎవరైనా వదలమన్నారా?"

"ఎవుళూ అన్నేదు. కుర్చీని ఆనుకుని ఎవుళు నిలబడతారమ్మా?"

గల్లీలో మూడు కెమెరాలు తిప్పి, లోకాన్ని వెడల్పు చేసే లెన్సుల గురించి పూటంతా మాట్లాడాం. కావలసిన వెడల్పు మా కుర్చీ చుట్టూ ఉంది.

"కుర్చీ తీసెయ్యండి" అన్నాను.

డ్రోను తెప్పించిన సెక్రటరీయే అందరికంటే ముందు అడ్డొచ్చాడు. "అదేటమ్మా! కుర్చీ నేకపోతే ఎలగ? అది కుర్చీ కాదు గదా, మా తాతలు..." అని ఆగిపోయాడు.

"మీరు కాదు, నేను చెబుతున్నాను. ఇది మా ఇంటి కుర్చీ. తియ్యమంటున్నాను."

బర్మా టేకు కుర్చీ ఊరికే లేవదు. నలుగురు పట్టారు. చేతులు కడుక్కుని ఊరికే నిలబడ్డ పెళ్ళిళ్ళ కెమెరావాడి చేత కూడా ఒక సింహం తల పట్టించాం. కుర్చీ మెట్ల కిందికి వెళ్ళేసరికి మండువా మధ్య జనం ముందు తటపటాయించారు. అప్పుడు బడ్జ్ బడ్జ్ పెద్దావిడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి, కుర్చీ ఉన్న చోట చాప మీద చతికిలబడింది.

"నాను నడుమే! సూస్తాను ఇంక ఏ మిషను నన్ను లాగుతాదో!"

దాంతో గట్టు తెగింది. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు జరిగి భుజాలు కలిశాయి. వెనక వరసలో నది పూడిపోయింది. నేను కెమెరాలో చూశాను. ఎడమ గోడ అంచునుంచి కుడి గోడ అంచుదాకా, తాత లెన్సులో అందరూ ఉన్నారు. ఒక్క తల తెగలేదు, ఒక్క చెంప సాగలేదు. మూలల్లో కొంచెం చీకటి పడింది, అంతే. అది పాత లెన్సుల మర్యాద.

"అత్తా, నీకు చోటు!" అని మా మేనకోడలు పెద్దావిడ పక్కన చాప చూపించింది.

వరసగా మూడు ఫొటోలు తీసేలా పెట్టి టైమరు నొక్కాను. నడిచాను.

"పరిగెత్తండమ్మా!" అన్నాడొకడు.

"పరిగెత్తరు" అన్నాడు సెక్రటరీ, గర్వంగా.

"దౌడోవ్ దీదీ!" అన్నాడు పెళ్ళిళ్ళ కెమెరావాడు మెట్ల మీదినుంచి.

నడిచే వెళ్ళాను. చాప దగ్గరికి వచ్చాకగాని నాకు తట్టలేదు, కుర్చీలో కూర్చోవడం వేరు, నేల మీద కూర్చోవడం వేరు. నా మోకాళ్ళు వంగనని మొండికేశాయి. పెద్దావిడ ఒక చంక, మా మేనకోడలు ఒక చంక పట్టి దించారు. ఆ సందడిలో కెమెరా ఆగి ఆగి మూడు కొట్టింది.

మొదటి ఫొటోలో నా వీపు ఉంది. నిటారుగా ఉంది. రెండోదానిలో నేను గాలిలో ఉన్నాను, జడ ముందుకి పడింది, చుట్టూ ఒక్కరు కూడా కెమెరా వైపు చూడడం లేదు, అందరూ నన్ను చూసి నోరు తెరిచి నవ్వుతున్నారు, పెద్దావిడ కళ్ళు మూసుకుని మరీ నవ్వుతోంది. మూడోదానిలో అందరం బుద్ధిగా కెమెరా వైపు చూస్తున్నాం. గోడకి మూడోది పెట్టమన్నాను. సంఘం మొత్తం రెండోదే కావాలంది. సెక్రటరీ చేతులెత్తించి లెక్క చూశాడు, మూడోదానికి ఎత్తింది నేనొక్కదాన్నే. సంఘం గదిలో ఇప్పుడు వేలాడుతున్నది రెండోది. నా అభ్యంతరం అలాగే ఉంది.

ఫొటో తీసే హక్కు మా ఇంటిదే. వచ్చే ఏడు నేను కెమెరా వెనక నిలబడితే, టైమరు నొక్కి నడిచేది మా మేనకోడలని చెప్పాను. అది అప్పుడే వరండాలో నెమ్మదిగా నడవడం నేర్చుకుంటోంది. దానికి పరుగు అలవాటు.

చిన్న కెమెరా తిరిగిచ్చేశాం. పెద్దది ఉంచుకున్నాం. సింహాల కుర్చీని రస్సెల్ స్ట్రీట్ వేలంలో అమ్మి దాన్ని కొన్నాను.